స్పాంజి కడిగిన శుక్రవారం

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అంటారు. అది నిజం కాదు. నిదానంగానే వస్తుంది. వచ్చాక పోదు, అంతే. ఆ చేపల అంగడివాడి మీద వచ్చిన కోపం రెండు ఎండాకాలాలు దాటినా చల్లారలేదు. అందులో కొంత నా మీదికే తిరిగిన మాట వాస్తవమే. అయినా వాడి వాటా వాడికి ఉంచాను.

నేను నాలుగో తరగతి దాకానే చదివాను. అయిదులోకి వెళ్ళాల్సిన ఏడు మా నాయన నన్ను మామిడితోటకు కాపలా పెట్టాడు. పెళ్ళయిన తరవాత బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై మామిడి సీజన్లు పనిచేశాను. నా అసలు చదువు అదే. గేటు దగ్గరే గోళ్ళు చూసేవాళ్ళు. మోచేతుల దాకా చేతులు కడిగించేవాళ్ళు. బల్ల, కత్తి, గంప, గచ్చు, ఏది సరిగ్గా కడగకపోయినా ఆ పూట కూలి కోసేవాళ్ళు. కంటికి కనపడని పురుగు ఒక్కటి లోపల మిగిలినా డబ్బా ఉబ్బిపోతుందని, అందుకే మూతేసిన డబ్బాల్ని మళ్ళీ మరిగే నీళ్ళలో ఉడికిస్తారని మా మేస్త్రీ రోజూ చెప్పేవాడు. ఇరవై ఏళ్ళు ఆ మాట విన్నదాన్ని. పురుగును చంపడం నాకు తెలిసినట్టు మా వీధిలో ఎవరికీ తెలియదు.

అటువంటి నేనున్న ఇంట్లోకి నా కొడుకు పురుగుల్ని డబ్బిచ్చి కొనుక్కొచ్చాడు.

తిరుపతిలో మేం అద్దెకుండేది మేడ మీద. కొడుకు బస్సులు బాగుచేసే మెకానిక్కు. కోడలు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మనవరాలు అప్పుడు అయిదో తరగతి. ఆ పిల్లకు కుక్కను పెంచుకోవాలని ఉండేది. కింద ఉండే ఇంటాయన ఒప్పుకోలేదు. వీధికుక్క ఒకదానికి రోజూ గేటు దగ్గర పెరుగన్నం పెట్టి సరిపెట్టుకునేది. పుట్టినరోజుకు వాళ్ళ నాయన కుక్కకు బదులు గాజు తొట్టి తెచ్చాడు. మూరన్నర పొడుగుంటుంది. అడుగున పరవడానికి రంగురాళ్ళు, నీళ్ళను తిప్పే చిన్న మోటారు, దానికి తగిలించిన నల్ల స్పాంజి, నీళ్ళ కవరులో ఆరు గోల్డ్ ఫిష్‌లు. అన్నీ అయ్యాక సంచి అడుగు నుంచి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ సీసా ఒకటి తీశాడు.

"ఇదేందిరా?" అన్నాను.

"బ్యాక్టీరియా మా."

"అంటే?"

"పురుగులు. మంచివే. కంటికి కనపడవు."

"కనపడని దానికి దుడ్లిచ్చి వస్తివా?"

వాడు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. చేప మేసి నీళ్ళలోనే మలం వదులుతుంది. అందులోంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. ఆ విషాన్నే తిని బతికే పురుగులు ఉంటాయి. పాత తొట్లలో అవి వాటంతట అవే చేరి ఉంటాయి గనక చేపలకు భయం లేదు. కొత్త తొట్టిలో ఒక్కటీ ఉండదు. చేరి, పెరిగి, ఆ విషానికి సరిపడేంత మంద కావడానికి నెల పైనే పడుతుంది. అంతకాలం ఆగలేని వాళ్ళకోసం వాటిని సీసాలో పట్టి అమ్ముతారు.

"అంగడాయన సెప్పినాడు మా. నీళ్ళు పోసి ఈ సీసా ఒంపేస్తే ఆ పొద్దే సేపల్ని ఇడిసేయొచ్చంట."

"పాలకు తోడేసినట్టా?"

"ఆఁ, అట్లనే."

"తోడేసిన గడియకే పెరుగైతాదా ఏంది?"

వాడు నవ్వాడు. నేనూ అంతకంటే అడగలేదు. అడిగి ఉండాల్సింది. పాలు తోడేయడం నాకు తెలుసు, వాడికి తెలియదు. తెలియనివాడు ఫోన్లో రెండు వీడియోలు చూసి తెలిసినట్టు మాట్లాడుతుంటే తెలిసినదాన్ని నోరు మూసుకున్నాను. ఆ రోజు కొళాయి వచ్చే రోజు. బిందెలోకి తొంగి చూస్తే బ్లీచింగు వాసన ముక్కులో గుచ్చుకుంటోంది. ఆ నీళ్ళే తొట్టిలో పోశాడు. సీసా ఒంపాడు. ఆరు చేపల్ని వదిలాడు. పిల్ల చేత్తో మేత వేయించి ఫోటోలు తీశాడు.

మూడోనాడు ఒక చేప పక్కకు ఒరిగి తేలింది. అయిదోనాటికి ఆరూ పోయాయి. చివరిది పోయిన సాయంత్రం పిల్లను బండి మీద ఎక్కించుకుని వాళ్ళ నాయన అంగడికి వెళ్ళాడు. తిరిగొచ్చాక పిల్ల స్కూలు బ్యాగు తీసుకుని మూలన కూర్చుంది. పుస్తకం తెరవలేదు.

"ఏమన్నాడు మే అంగడాయన?" అని అడిగాను.

"నేనే సంపేసినానంట."

"అట్లన్నాడా?"

"మేత ఎక్కువేసింటావు పాపా, అందుకే సచ్చిపోయినాయి అన్నాడు. నేను రెండు పూటలా ఏసినాను గదా అవ్వా."

నా కొడుకు అక్కడే నిలబడి చెప్పులు విడుస్తున్నాడు. "నువ్వేమన్నావు?" అని వాణ్ణి అడిగాను. "ఏమనాల మా, ఆయనకు అనుభవం ఉండాది గదా" అన్నాడు. పరాయివాడు పదేళ్ళ పిల్లను పట్టుకుని నువ్వు చంపావని చెబితే పక్కన నిలబడి తలూపి వచ్చాడన్నమాట.

మర్నాటి నుంచి పిల్ల కుక్కకు అన్నం పెట్టడం మానేసింది. నేనే గిన్నెలో కలిపి చేతికిచ్చాను. తీసుకోలేదు. "నువ్వే పెట్టు అవ్వా. నాకు ఎంత పెట్టాల్నో తెలీదు" అంది. ఆ కుక్క వీధిలో ఎముకలూ పేపరు ప్లేట్లూ తిని బతికిన కుక్క. దానికి ఎక్కువ పెట్టి చంపడం ఎవరి తరమూ కాదు. అది చెప్పినా వినలేదు. తన చేత్తో ఏది తినిపించినా చస్తుందని ఆ పిల్ల మనసులో పడిపోయింది. ఆ మాట దాని మనసులోంచి ఎట్లా పెరికి పారేయాలా అన్నదొక్కటే నాకు పట్టుకుంది. చేపల సంగతి నాకు అక్కర్లేదు. చేపలు మళ్ళీ దొరుకుతాయి.

ఖాళీ సీసాను నేను పారేయలేదు, నువ్వుల నూనె పోసుకుందామని కడిగి పెట్టాను. దాని మీద తెలుగు లేదు. పిల్లను పిలిచి చదవమన్నాను. ఇంగ్లీషు చదివి అర్థం చెప్పింది. చల్లని చోట ఉంచవలెను. ఎండ తగలరాదు. బ్లీచింగు నీళ్ళలో పోయరాదు.

"మళ్ళా సదువు" అన్నాను.

మళ్ళీ చదివింది.

"సూసినావా? నీ మేతలో ఏం లేదు. ఎండకో బ్లీచింగుకో ఆ పురుగులే సచ్చినాయి."

"అది నువ్వు సెప్తా ఉండావు. ఆయన అట్ల సెప్పలేదు గదా" అంది.

సరే, ఆయన చేతే చెప్పిస్తానని మర్నాడు మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కి వెళ్ళాను. అంగడి పడమర ముఖంగా ఉంది. ముందు అంతా గాజు. ఆ గాజు వెనకాల, రోడ్డున పోయేవాళ్ళకు కనపడేట్టు, అవే సీసాలు మూడు వరసలు పేర్చి ఉన్నాయి. ఎండ నేరుగా వాటి మీదే పడుతోంది. లోపలికి వెళ్ళి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే టీ పోసిన గ్లాసులా కాలుతోంది.

అంగడివాడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫ్యాను కింద కూర్చుని మేత పొట్లాలు కడుతున్నాడు.

"ఏం గావాల అవ్వా?"

"ఆరు సేపల్ని సంపిందన్నావే ఒక పిల్లను. దాని అవ్వను నేను."

"సంపిందని యాడన్నాను? మేత ఎక్కువేసింటాదన్నాను. పిల్లోళ్ళు అంతే గదా, ముద్దుకొద్దీ ఏసేస్తారు."

"ఎంతేసిందో నువ్వు సూసినావా?"

"సూసేదేముండాది. దినామూ ఇదే పని గదా మాకు."

"అయితే ఇది పట్టుకో." సీసా వాడి చేతిలో పెట్టాను.

పట్టుకుని గబుక్కున బల్ల మీద పెట్టేశాడు. "ఎండకు రవంత ఎచ్చబడుంటాది."

"రవంతనా? ఇరవై ఏండ్లు గుజ్జు ఫ్యాక్టరీలో సేసినాను నేను. ఆడ పురుగు సావాల్నని మరిగే నీళ్ళలో ఉడకేస్తారు డబ్బాల్ని. నువ్వు గ్యాసు ఖర్చు లేకుండా ఈడ ఉడకేస్తా ఉండావు."

చేపల గాజుతొట్లు చూస్తున్న మొగుడూ పెళ్ళాం ఇద్దరు ఇటు తిరిగారు.

"అవ్వా, అది కంపెనీ సరుకు. సీలుండాది."

"సీలుంటే? సీలు లోపల పీనుగుండాది."

"మెల్లిగా మాట్లాడండి, గిరాకీ ఉండాది."

"గిరాకీ ఇనాల్ననే మాట్లాడతా ఉండాను."

ఆ మొగుడూ పెళ్ళాం ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు. వాడి ముఖం నల్లబడింది. డబ్బు వాపసు ఇస్తానన్నాడు. నేను వద్దన్నాను. డబ్బంటే నాకు చేదని కాదు, నా చేతిలోంచి రూపాయి ఊరికే జారదని మా బంధువులంతా చెబుతారు. కానీ నేను వచ్చింది అందుకు కాదు. "ఫోన్ జెయ్యి. మా పిల్లతో మాట్లాడు. సీసా సెడిపోయింది పాపా, నీ తప్పు కాదు అని ఒక్క మాట సెప్పు. పోతాను" అన్నాను.

"అట్లెట్ల సెప్తానవ్వా? రేపు ఆ మాట నలుగురికీ తెలిస్తే నా సరుకు ఎవరు కొంటారు?"

"పదేండ్ల పిల్ల మీదికి నెట్టి అమ్ముకుంటావా సరుకు?"

వాడు లేచి లోపలికి వెళ్ళి చిన్న ఫ్రిజ్జు తెరిచాడు. అందులో అవే సీసాలు నాలుగున్నాయి, చల్లగా, తలుపు అరలో వరసగా. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది తీసుకోండి. ఊరికినే. గొడవొద్దు."

అప్పుడు నాకు నెత్తికెక్కింది. తెలియక ఎండలో పెట్టాడనుకున్నాను నేను. తెలిసే పెట్టాడు. తన తొట్లకు కావలసినవి ఫ్రిజ్జులో పెట్టుకుని, మా కొడుకులాంటి వాళ్ళకు ఎండలోవి అమ్ముతున్నాడు. అంతసేపూ అన్న మాటలు ఒక ఎత్తు, ఆ తరవాత అన్నవి ఒక ఎత్తు. అవి ఇక్కడ రాయను. నేను మెట్లు దిగుతుంటే వాడు వెనకాల నుంచి ఏదో చెబుతున్నాడు. కొళాయి నీళ్ళు రెండు దినాలు బకెట్లో పెట్టి వాసన పోయాక పోయమన్నాడు. ఆ పురుగులు నీళ్ళలో ఉండవని, స్పాంజిలో కాపురముంటాయని అన్నాడు. ఆ తరవాత ఇంకో మాట కూడా అన్నాడు. నేను ఆటోను పిలుస్తున్నాను. వాడి నోటి నుంచి వచ్చే మాట ఒక్కటి కూడా నాకు అక్కర్లేదనుకున్నాను.

ఫ్రిజ్జు సీసా తెచ్చి పిల్లకు చూపించాను. "ఊరికినే ఇచ్చినాడంటే తప్పు ఆయనదే గదా" అన్నాను. "నువ్వు అరిసింటావు. అందుకే ఇచ్చింటాడు" అంది. నన్ను బాగా ఎరిగిన పిల్ల.

ఈసారి నా కొడుకు బుద్ధిగా చేశాడు. తిట్లు తిన్న తరవాత వాడు ఏ పనైనా బుద్ధిగానే చేస్తాడు. నీళ్ళు బకెట్లలో రెండు రోజులు ఉంచి పోశాడు. సీసా ఒంపాడు. చేపల్ని మాత్రం తేలేదు. విషాన్ని చూపించే మందు చుక్కల పెట్టె ఒకటి తెప్పించాడు. తొట్టి నీళ్ళు చిన్న గాజు గొట్టంలో పట్టి చుక్కలు వేయాలి. పసుపు రంగుంటే మంచిది, ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు. చేపలు లేని తొట్టిలో పురుగులకు తిండి కావాలి కదా, అందుకని రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చారు. ఖాళీ తొట్టికి మేత ఏమిటని నేను సణుగుతూనే ఉన్నాను. చుక్కలు వేసే పని పిల్లది. నోటుపుస్తకంలో రోజూ రంగుపెన్సిలుతో గడి నింపేది. మొదట లేత ఆకుపచ్చ, తరవాత చిక్కటి ఆకుపచ్చ, ఎన్నాళ్ళకూ అదే. మూడో వారం దాటాక ఒకరోజు పసుపు తిరిగింది. మర్నాడూ పసుపే. నాలుగో వారమంతా మేత వేసినా పసుపే నిలబడితే, నాలుగు గప్పీ చేపలు తెచ్చి వదిలారు. వేరే అంగడి నుంచి. వేలెడు కూడా ఉండవు. తోకలు మాత్రం విసనకర్రల్లా ఉంటాయి.

పిల్ల వేలికొసతో మేత అద్ది, ఆ అద్దినదాంట్లోంచి కొంత డబ్బాలోకి దులిపి, మిగిలినది నీళ్ళలో వేసేది. వేసిన ప్రతిసారీ నా వైపు తిరిగి "ఎక్కువ కాలేదు గదా అవ్వా?" అని అడిగేది. "కాలేదు పో" అనేదాన్ని. రెండు వారాలకు అడగడం తగ్గింది. ఒకరోజు గేటు దగ్గర కుక్కను తిడుతూ అన్నం పెట్టడం మేడ మీంచి చూశాను. హమ్మయ్య, ఆ ముల్లు ఊడిందనుకున్నాను.

శుక్రవారం వచ్చింది.

శుక్రవారం నాకు పని ఎక్కువ. తలకు పోసుకోవాలి. గడపకు పసుపు రాయాలి. ఇల్లంతా కడగాలి. దీపపు సెమ్మెలు చింతపండుతో తోమాలి. తోముతూ తొట్టి వైపు చూశాను. గాజు మీద వేళ్ళ మరకలు ఉంటే తుడిచాను. తుడుస్తుంటే స్పాంజి కనపడింది. తెచ్చిననాడు బొగ్గులా నల్లగా ఉన్నది, ఇప్పుడు గోధుమరంగు తిరిగి, మీద జిగటగా పాకుడు. గుజ్జు ఫ్యాక్టరీలో బల్ల అంచుకు అంత జిగట కనపడి ఉంటే మేస్త్రీ నన్ను గేటు బయట నిలబెట్టేవాడు. ఇదే ఇంట్లో, దీపం పెట్టే గూటికి నాలుగు అడుగుల దూరంలో, శుక్రవారం పూట ఈ మురికా అనుకున్నాను. మోటారు ఆపి స్పాంజి ఊడదీశాను. పిండితే బురదలాంటి నీళ్ళు దిగాయి. కొళాయి కింద పెట్టి, రాళ్ళుప్పు చల్లి, బండ మీద రుద్దాను. మురికంతా పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా రుద్దాను. తరవాత పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. చేత్తో నొక్కితే పొడిగా గరగరమనేదాకా ఎండింది. పిల్ల బడి నుంచి వచ్చేలోగా దాని చోట దాన్ని తగిలించి మోటారు వేశాను. కొత్తదానిలా నల్లగా ఉంది. ఒక్కరైనా గమనించి మెచ్చుకుంటారేమోనని సాయంత్రం దాకా చూశాను. ఎవరూ చూడలేదు.

ఆదివారం పొద్దున నాలుగు గప్పీలూ నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పిల్ల గాజు గొట్టంలో చుక్కలు వేసింది. ఆకుపచ్చ తిరిగింది.

నాకు ఆ క్షణమే తెలిసింది. అంగడివాడి మాట, స్పాంజిలో కాపురముంటాయన్నది, అప్పుడు చెవిలో పడింది. నేను వినకుండా వచ్చిన మాట కడగొద్దనే అయి ఉంటుంది. నోరు తెరవబోయాను. పిల్ల అప్పటికే లేచి మేత డబ్బా తీసుకుని వాళ్ళమ్మ మిషను దగ్గరకు వెళ్ళింది.

"ఇది నువ్వు దాసిపెట్టు మా. నేనడిగినా ఇయ్యొద్దు."

"ఏమాయ?"

"మళ్ళా ఎక్కువేసినాను. ఆ అంగడాయన సెప్పింది నిజమే."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. కోడలు మిషను ఆపి నా వైపు చూసింది. "అత్తా, శుక్రారం మీరు తొట్టికాడ ఏమన్నా సేసినారా?"

"గాజు తుడిసినాను" అన్నాను.

అది అబద్ధం కాదని ఆ పూటంతా నాకు నేనే చెప్పుకున్నాను. గాజు తుడిచిన మాట నిజమే కదా. అంగడివాడు తన సరుకు కాపాడుకోవడానికి పిల్ల మీదికి తోసినందుకు నేను ఊరంతా వినేట్టు అరిచి వచ్చాను. ఇప్పుడు నా శుక్రవారాన్ని కాపాడుకోవడానికి నేనూ పిల్ల మీదే తోసి కూర్చున్నాను. కొడుకు సగం నీళ్ళు తీసి నిలవ నీళ్ళు పోశాడు. తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు మోసుకెళ్ళి పోశాను. మాట మాత్రం చెప్పలేదు. సోమవారం పొద్దున ఒక గప్పీ చచ్చింది. పిల్ల దాన్ని కాగితంలో చుట్టి, ఏమీ తినకుండా బడికి పోయింది.

ఎవరికీ తెలియకుండా ఇంకో ఫ్రిజ్జు సీసా కొని పోసేద్దామని బయల్దేరాను. పోస్తే సర్దుకుంటుంది, ఎవరూ అడగరు. ఆ అంగడికే వెళ్ళాలి, ఇంకెక్కడ ఫ్రిజ్జులో పెట్టారో నాకేం తెలుసు. వాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మళ్ళా ఏమైనాది అవ్వా?"

"సేపలు పైకొచ్చి నోరు తెరస్తా ఉండాయి. ఫ్రిజ్జులోది ఒక సీసా ఇయ్యి. ఈతూరి దుడ్లు తీసుకో."

"నీళ్ళు బాగుండి, సేపలు బాగుండి, ఉన్నట్టుండి అట్ల కాదే. స్పాంజి ఏమన్నా కడిగినారా?"

"లేదు."

"అయితే ఇంకేముండాది, పాప మేత ఎక్కువేస్తా ఉంటాది. సెప్పండవ్వా పిల్లకు."

వెక్కిరించలేదు. మేత తూకం వేస్తూ మామూలుగా అన్నాడు. మొదటిసారి ఆ మాట వాడు తన లాభానికి అన్నాడు. ఈసారి నేను లేదన్నందుకు అన్నాడు. ఈసారి ఆ మాటను వాడి నోట్లో పెట్టింది నేను.

"కడిగినాను" అన్నాను.

"ఏంది?"

"స్పాంజి. కడిగినాను. ఉప్పేసి రుద్దినాను. ఎండలో ఆరేసినాను."

వాడు తక్కెడ కింద పెట్టాడు. "నా సీసాలు ఎండలో పెట్టినానని గిరాకీని తరిమేసి పోతివే అవ్వా. నువ్వు ఏకంగా వాటి ఇంటినే ఎండేస్తివే."

"ఏస్తిని. అది నా తెలివితక్కువ. నువ్వు సేసింది యాపారం. రెండూ ఒకటి కాదు. అదిగో, ఆ సీసాలు ఇంకా ఆడనే ఉండాయి."

"అవి ఉత్తి సీసాలవ్వా. సూపుకు పెట్టినాను."

వెళ్ళి ఒకటి తీసి ఊపాను. లోపల నీళ్ళు పలికాయి. సీలు అట్లాగే ఉంది. సీసా వాడి ముందు పెట్టాను. వాడు నా ముఖం చూడకుండా కత్తెర తీసుకుని లోపలికి పోయాడు. పెద్ద తొట్టిలోంచి పాత స్పాంజి ఒక ముక్క కత్తిరించి, ఆ నీళ్ళతోనే కవరులో కట్టి తెచ్చాడు. నేను కడిగినదానికంటే మురికిగా, జిగటగా ఉంది. "సీసా కంటే ఇది మేలు. మీ స్పాంజి పక్కన కట్టండి. దినామూ మూడోవంతు నీళ్ళు మార్చండి. దయసేసి దేన్నీ కడగొద్దు." ఆ కవరును ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంటే ఒళ్ళంతా జలదరించింది. అంత మురికిని నేను ఏనాడూ ఒళ్ళో పెట్టుకోలేదు.

సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, యూనిఫారం కూడా మార్చుకోకుండా తొట్టి ముందు కూర్చుంది. మూడు గప్పీలు ఇంకా పైనే ఉన్నాయి. కవరు దాని ముందు పెట్టాను.

"స్పాంజి నేను కడిగినాను" అన్నాను.

"ఎప్పుడు?"

"శుక్రారం. నువ్వు బడికి పోయినాక. ఉప్పేసి రుద్ది గోడ మీద ఎండేసినాను. పురుగులన్నీ దాంట్లోనే ఉండాయంట. సచ్చిపోయినాయి. అందుకే నీళ్ళు విషమైనాయి. నీ మేత వల్ల కాదు."

"ఎందుకు కడిగినావు?"

"మురికిగా ఉండాదని."

"నన్నడగొచ్చు గదా."

"అడగలేదు."

అది కవరులోని మురికి ముక్కను చూస్తూ కూర్చుంది. నేను బతుకులో తప్పు ఒప్పుకున్న సందర్భాలు తక్కువ, ఒప్పుకున్నాక ఎట్లా నిలబడాలో కూడా నాకు తెలియలేదు. ఇంతలో తలెత్తింది.

"నిన్న నేను మేత డబ్బా అమ్మకు ఇస్తా ఉంటే నువ్వు ఈడనే ఉంటివి."

"ఉంటిని."

"నీకు తెలుసు అప్పుడు."

"తెలుసు."

"తెలిసి గమ్మున ఉంటివా?"

"ఉంటిని."

దాని ముఖం ఎర్రబడింది. చేపలు చచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది, కోపంతో. "నా తొట్టి ముట్టుకోవద్దు నువ్వు. ఎప్పుడూ ముట్టుకోవద్దు. గాజు గూడా తుడవొద్దు. సెడ్డ అవ్వ నువ్వు."

మిషను దగ్గర నుంచి కోడలు లేచింది. "ఏమే, అవ్వతో అట్లనా మాట్లాడేది?"

"నువ్వు కుట్టుకో మ్మా. అది నాతో మాట్లాడతా ఉండాది" అన్నాను.

పిల్ల ముక్కు తుడుచుకుని, మురికి స్పాంజి ముక్కను దారంతో మోటారుకు కట్టింది. వాళ్ళమ్మ మిషను సొరుగులోంచి మేత డబ్బా తనే తీసుకుంది, అడగకుండా. నాకు అందకుండా తన స్కూలు బ్యాగులో పెట్టుకుంది. వాళ్ళ నాయన డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కుతుండగానే పైనుంచి అరిచింది, కింద ఇంటాయనకు కూడా వినపడేట్టు.

"నాయనా, సేపను సంపింది నేను కాదు. అవ్వ."

వాడు నూనె చేతులతో గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు.

"అవును" అన్నాను. "కాళ్ళు కడుక్కోని రా, అన్నం పెడతాను."

మూడు గప్పీలూ బతికాయి. పిల్ల ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. నాతో తప్ప అందరితో మాట్లాడింది. పాలాయనకు చెప్పింది, బడిలో చెప్పింది, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ నన్ను చూపించి చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఒక్కరి దగ్గరా కాదనలేదు. వారం తిరక్కముందే ఇంటాయన మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"ఏమ్మా, పాప సేపల్ని ఉప్పేసి ఎండబెట్టినావంటనే?"

"సేపల్ని కాదప్పా, స్పాంజిని" అని చెప్పి మెట్లెక్కాను.